చెరువు గట్టు మీద పిల్లలకి పాఠం చెప్పడానికి డబ్బులెవరిస్తారు? టోపీలూ ఫ్లెక్సీలూ వద్దు

ఆరిలోవ_టీచరమ్మ
వైజాగ్‌లో ముడసర్లోవ రిజర్వాయర్‌కి దగ్గర్లో ఒక గవర్నమెంట్ హైస్కూల్లో బయాలజీ చెప్తాను. ఎయిత్, నైన్త్ పిల్లల్ని ఏడాది పొడుగునా నెలకోసారి గట్టు మీదకి తీసుకెళ్ళాలని ప్లాన్ వేశాను. నీళ్ళు టెస్ట్ చేయించడం, పిట్టల్ని లెక్కపెట్టించడం, చుట్టూ ఉన్న కాలనీల మురుగు ఎటు పారుతోందో వాళ్ళచేతే మ్యాప్ గీయించడం, అంతే. ఏడాదికి లక్షా లక్షన్నరలో అయిపోతుంది.

ఒక కంపెనీ సీఎస్ఆర్ (కంపెనీలు సమాజం కోసం పెట్టే ఖర్చు) చూసేవాళ్ళు వచ్చి ప్లాన్ చదివి సూపర్ మేడమ్ అన్నారు. తీరా ఏమిస్తారయ్యా అంటే ఫిబ్రవరి 2 వెట్‌లాండ్స్ డే (చిత్తడి నేలల దినం) ర్యాలీకి రెండొందల టోపీలు, టీషర్టులు, ఒక ఫ్లెక్సీ, గట్టు మీద 'చెరువును కాపాడుదాం' అని సిమెంటు బోర్డు, దాని కింద వాళ్ళ లోగో. ఆటో కిరాయి, టెస్ట్ కిట్లు, ఆ నీళ్ళలో వల వేసుకునే పెద్దాయన ఒకరు పిల్లలకి చేపల గురించి చెప్తానన్నారు, ఆయనకి ఆ రోజు కూలి, వీటికి మాత్రం 'హెడ్ లేదు మేడమ్', అంటే ఖర్చు రాసుకునే పద్దు లేదు, అని నవ్వేశారు. బోర్డుకి హెడ్ ఉందట, మనిషికి లేదట.

ఎకో క్లబ్ ఉంది కదా అంటారేమో. నేషనల్ గ్రీన్ కోర్ అనే కేంద్ర పథకం కింద స్కూలుకి ఏడాదికి 5,000 అని ఉండేది, అది వచ్చిన ఏడాదైనా మొక్కలకీ చార్టులకీ డ్రాయింగ్ ప్రైజులకీ సరిపోయేది, నలభై మందిని ఆటోల్లో ఒక్కసారి తిప్పితే సగం ఎగిరిపోయేది.

ఇలాంటి పనికి డబ్బులు తెచ్చుకున్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా? ఎవర్ని అడగాలి, ఏమని అడగాలి?

గాజువాక_గణపతి
టోపీలు తీసీసుకోండి మేడమ్, మే నెల ఎండలకి పనికొస్తాయి.

పూర్ణామార్కెట్
టీషర్టు ఎక్సెల్ సైజు ఒకటి పక్కనెట్టండి. చెరువు మీద ప్రేమ నాక్కూడా ఉంది.

బీచ్‌రోడ్_బాబాయ్
తప్పుగా అనుకోకమ్మా, అసలు చదువు చెప్పాల్సింది పిల్లలకా? చెరువులో మురుగు వదుల్తోంది పిల్లలా? పైన కొండవాలు తొలిచేసి లేఅవుట్లు వేసీసారు, డ్రెయిన్ తెచ్చి గెడ్డలో (వాగులో) కలిపీసారు, గెడ్డ పోయి రిజర్వాయర్లో పడుతోంది. ఇది ఇంజినీర్లకి తెలీదా, ప్లాన్ అప్రూవ్ చేసినోళ్ళకి తెలీదా? నైన్త్ క్లాసు పిల్లకి అవగాహన కల్పిస్తే ఆ పిల్ల వెళ్ళి పైపు మూసేస్తుందా? ఆ డబ్బులేవో మురుగు శుద్ధి ప్లాంటుకి పెట్టమనండి. అవగాహన అన్న మాట వింటేనే నాకు చిరాకు, చెయ్యాల్సిన పని చెయ్యలేనోళ్ళందరూ అవగాహనే కల్పిస్తారు.

పక్షుల_పిచ్చి
బాబాయ్ గారూ, లక్షన్నరతో మురుగు ప్లాంటు గేటు కూడా రాదు. రెండూ ఒకే జేబులోంచి వచ్చే డబ్బులు కావు, ఇది ఆపితే అది కట్టేస్తారనీ కాదు.

ముడసర్లోవకి ఉదయాన్నే వెళ్తుంటాను కెమెరా పట్టుకుని. 2018లో నీళ్ళ మీద 2 మెగావాట్ల తేలే సోలార్ ప్యానెళ్ళు పెట్టారు, నీటికాకులు వాటి మీద రెక్కలు ఆరేసుకుని కూర్చుంటాయి. అవి వచ్చాక ఏ పిట్టలు పెరిగాయి, ఏవి తగ్గాయి అని ఎవరైనా అడిగితే మా బ్యాచ్ దగ్గర ఉన్నవి ఫోటోలే, వరసగా నెలనెలా రాసిన లెక్క లేదు. ఫోటోకి అందమైన పిట్టే కావాలి, లెక్కకి ప్రతీ పిట్టా కావాలి. స్కూలు పిల్లలు ఆ లెక్క రాస్తే అది పాఠమూ అవుతుంది, రికార్డూ అవుతుంది. టీచర్ గారూ, పిట్టల రోజు మాకు చెప్పండి, బైనాక్యులర్లు మావే తెస్తాం, దానికి హెడ్ అక్కర్లేదు.

సీతమ్మధార_అత్త
కార్తీకమాసం ఆదివారం సాయంత్రం ముడసర్లోవ పార్కు చూశారా ఎవరైనా? ప్రతీ సంఘం వాళ్ళదీ ఒక టెంటు, ఒక మైకు, వెళ్ళిపోయేటప్పుడు విస్తళ్ళూ ప్లాస్టిక్ గ్లాసులూ అక్కడే. గాలేస్తే ఆ గ్లాసులు ఎటు పోతాయో నేను చెప్పక్కర్లేదు.

గాజువాక_గణపతి
ఉసిరి చెట్టు కింద భోజనం అని పిలిచి బిర్యానీ పెడుతున్నారు, ఉసిరి చెట్టుకి ముందు అవగాహన కల్పించాలి.

సీఎస్ఆర్_గుమస్తా
నేను ఇదే పని చేస్తాను, వేరే కంపెనీలో, కాబట్టి టేబుల్‌కి అవతల వైపు నుంచి చెప్తాను. కాస్త పెద్దది, ఓపిక పట్టండి.

కంపెనీల చట్టం 2013లో 135వ సెక్షన్ ప్రకారం నికర విలువ 500 కోట్లు గానీ, టర్నోవర్ 1,000 కోట్లు గానీ, నికర లాభం 5 కోట్లు గానీ దాటిన కంపెనీ గత మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం సీఎస్ఆర్‌కి పెట్టాలి. దేనికి పెట్టొచ్చు అన్నది ఏడో షెడ్యూల్లో ఉంటుంది. అందులో చదువూ ఉంది, పర్యావరణమూ ఉంది, నీటి నాణ్యత కాపాడటమూ ఉంది. కంపెనీ ఉన్న చుట్టుపక్కల ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వమని కూడా అదే సెక్షన్ చెప్తుంది. కాబట్టి 'హెడ్ లేదు' అన్నది చట్టం చెప్పిన మాట కాదు, ఆ వచ్చినాయన సొంత మాట.

ఇంకోటి. 2014 జూన్ 18న కార్పొరేట్ వ్యవహారాల శాఖ ఒక సర్క్యులర్ ఇచ్చింది. మారథాన్లు, అవార్డులు, ప్రకటనలు లాంటి ఒక్కరోజు ఈవెంట్లు సీఎస్ఆర్ ఖర్చు కింద లెక్కలోకి రావు అని అందులో క్లియర్‌గా ఉండేది. 2021లో దాని బదులు కొత్త సర్క్యులర్ వచ్చింది గానీ, కంపెనీ తన సరుకుల ప్రచారం కోసం చేసే స్పాన్సర్‌షిప్ లెక్కలోకి రాదని ఇప్పటి రూల్స్‌లోనూ ఉంది. అంటే మీకు ఇస్తామన్న ర్యాలీయే వాళ్ళకి రిస్కు, మీ ఏడాది ప్రోగ్రామే వాళ్ళకి సేఫ్. ఈ మాట మెత్తగా వాళ్ళ చెవిన వెయ్యండి, చూడండి మొహం ఎలా మారుతుందో.

మరి ఎందుకు టోపీలే ఇస్తారంటారా. బిల్లు. టోపీల షాపువాడు జీఎస్టీ బిల్లు ఇస్తాడు, ఫోటో పడుతుంది, ఆడిటర్ అడగడు. చేపలు పట్టే పెద్దాయన బిల్లు ఇవ్వడు కదా. మార్చి దగ్గర పడేసరికి మా దగ్గర మిగిలిన డబ్బు ఖర్చవ్వాలి, అప్పుడు త్వరగా బిల్లు వచ్చే వస్తువు కోసం వెతుకుతాం, మీరేమో ఏడాది పని చెప్తారు.

అందుకే మార్చిలో అడక్కండి. ఏడాది ప్లాన్ తయారయ్యే టైములో, ఏప్రిల్, మే కల్లా కాగితం వాళ్ళ టేబుల్ మీద ఉండాలి. 'ఆన్‌గోయింగ్ ప్రాజెక్ట్' అని అడగండి, మొదలెట్టిన ఏడాది కాక ఇంకో మూడేళ్ళ దాకా సాగొచ్చు, ఆ ఏడాది మిగిలిన డబ్బు వేరే ఖాతాలో పెట్టి అదే పనికి వాడాలి. అడ్మిన్ ఖర్చు 5 శాతం దాటకూడదని రూలుంది కదా అని భయపెడతారు, అది కంపెనీ వాళ్ళ ఆఫీసు ఖర్చుకి, ప్రాజెక్టులో నేరుగా పనిచేసే మనిషి కూలి అందులోకి రాదు.

ఆరిలోవ_టీచరమ్మ
సర్, ఇది నాకు ఎవరూ చెప్పలేదు. డబ్బు స్కూలు ఖాతాలో వెయ్యొచ్చా? సంస్థ రిజిస్ట్రేషన్ కావాలి అన్నారు.

సీఎస్ఆర్_గుమస్తా
బయట సంస్థ ద్వారా చేయిస్తేనే ఆ గొడవ. దానికి ఆదాయపు పన్ను వాళ్ళిచ్చే 12ఏ, 80జీ రిజిస్ట్రేషన్లు ఉండాలి, 2021 ఏప్రిల్ నుంచి కార్పొరేట్ వ్యవహారాల శాఖకి సీఎస్ఆర్-1 ఫారం పెట్టి నంబరు తెచ్చుకోవాలి, మూడేళ్ళు అలాంటి పని చేసిన రికార్డు ఉండాలి. మీరు కొత్తగా సొసైటీ పెట్టి ఇవన్నీ తెచ్చేసరికి ఇప్పటి నైన్త్ పిల్లలు ఇంజినీరింగ్‌లో ఉంటారు. కంపెనీ నేరుగా తనే ఖర్చు పెట్టొచ్చు, ఆటోవాడికీ కిట్ల షాపుకీ కూలికీ వాళ్ళే కట్టేస్తారు, మీ ఖాతాలోకి రూపాయి రానక్కర్లేదు. మీకూ తలనొప్పి ఉండదు. హెడ్‌మాస్టారి దగ్గరా, పైన ఎడ్యుకేషన్ ఆఫీసులోనూ పర్మిషన్ లెటర్ మాత్రం తీసుకోండి.

కొండకర్ల_కుర్రోడు
పైన చేపలు పట్టే పెద్దాయన అని రాసారు, అక్కడ ఆగిపోనాను నేను. మాది కొండకర్ల ఆవ పక్క. కొల్లేరు తర్వాత మన రాష్ట్రంలో పెద్ద మంచినీటి చెరువు మాదే అంటారు, వైజాగ్ నుంచి ఆదివారం వొచ్చి ఫోటోలు తీసుకుని ఎల్లిపోతుంటారు. రెండు తాటి మానులు తొలిచి, పక్కపక్కన కట్టి దోనె చేస్తాం, మజ్జిన పీట మీద కూకుని ఎదురుగడతో తోస్తాం, మా నాయినకి ఆ దోనే ఆఫీసు.

ఒకపాలి ఎవరో సంస్థోల్లు వొచ్చారు. చెరువుని ఎలా కాపాడుకోవాలో మాకు నేర్పుతామన్నారు. షామియానా ఏసారు, మా నాయిన్ని ముందు కూర్చోబెట్టారు, గుర్రపుడెక్క ఎందుకు పెరుగుద్దో స్లైడ్లు ఏసి చూపించారు. మా నాయిన లెగిసి, బాబూ, ఫలానా గెడ్డ దిగే మూల నుంచి మొదలవుద్ది, చెరుకు చేలకి ఎరువేసి వానొచ్చిన తర్వాత ఇన్ని రోజుల్లో పచ్చగా కమ్మేస్తాది, ఆ మూలన చేప పైకొచ్చి నోరు తెరుస్తాది అని చెప్పాడు. వాళ్ళు చప్పట్లు కొట్టి సర్టిఫికెట్టూ పులిహోర పేకెట్టూ ఇచ్చారు. ఆ రోజు వేట పోనాది. స్లైడ్లేసినోడికి ఫీజు ఉంది, మా నాయినకి పులిహోర. మళ్ళీ కనపడితే ఒట్టు.

అందుకని టీచర్ గారూ, ఆ పెద్దాయనకి కూలి అని రాయకండి. స్లైడ్లోడికి ఏం పేరు పెట్టి ఇస్తారో అదే పేరు పెట్టి, అదే రేటు ఇవ్వండి.

పూర్ణామార్కెట్
ఈ పోస్టుకి నా టీషర్టు వదిలీసుకుంటున్నాను.

రిటైర్డ్_జువాలజీ
కుర్రవాడు చెప్పినది అక్షరాలా సైన్సే. ఎరువుల్లోని నత్రజని, భాస్వరం వానకి కొట్టుకొచ్చి నీళ్ళలో చేరితే నాచూ గుర్రపుడెక్కా పెరుగుతాయి, అవి చచ్చాక వాటిని కుళ్ళబెట్టే బ్యాక్టీరియా నీళ్ళలోని ఆక్సిజన్ అంతా తాగేస్తుంది, చేప పైకొచ్చి నోరు తెరిచేది అందుకే. మేము క్లాసులో చెప్పే పాఠాన్ని వాళ్ళ నాన్నగారు మూల పేరుతో సహా చెప్పారు.

డబ్బుల విషయంలో ఒక ముఖ్యమైన మెలిక ఉంది, ఎవరూ అనలేదు. కేంద్రం దగ్గర చెరువుల సంరక్షణకి ఎన్‌పీసీఏ అనే పథకం ఉంది, 60 శాతం కేంద్రం, 40 శాతం రాష్ట్రం, అందులో ప్రజల భాగస్వామ్యానికీ అవగాహనకీ చోటుంది. కానీ 2017 వెట్‌లాండ్స్ రూల్స్ తీసి చూడండి, తాగునీటి కోసమూ సాగునీటి కోసమూ మనిషి కట్టుకున్న జలాశయాలు వెట్‌లాండ్ నిర్వచనంలోకే రావు. అంటే ముడసర్లోవ, మేఘాద్రి గెడ్డ రెండూ బయటే. పిట్టలకి ఆ తేడా తెలీదు గానీ ఫైలుకి తెలుసు. కొండకర్ల ఆవ సహజమైనది, ఆ తలుపు తట్టడానికి దానికి అర్హత ఉంది. కాబట్టి ఆరిలోవ అమ్మాయి వెట్‌లాండ్ అని కాగితం పెడితే ఎవరో ఒకరు ఈ రూలు చూపించి తిప్పి పంపిస్తారు. తాగునీటి వనరు అని పెట్టాలి.

బీచ్‌రోడ్_బాబాయ్
చూశారా మాస్టారు, వెట్‌లాండ్ కాని చోట వెట్‌లాండ్స్ డే ర్యాలీ. టోపీలు కూడా పెట్టుకుని.

రిటైర్డ్_జువాలజీ
నవ్వకండి గానీ, చదువు అక్కర్లేదన్న మీ మాటకి ఒక జవాబు ఉంది. పర్యావరణం పాఠం అన్ని తరగతుల్లో తప్పనిసరి చెయ్యమని సుప్రీంకోర్టు ఎం.సి.మెహతా కేసులో 1991లోనే చెప్పింది, అమలు కాలేదని 2003లో మళ్ళీ చెప్పాల్సి వచ్చింది. పుస్తకం వచ్చింది, పరీక్ష వచ్చింది, ప్రాజెక్టు రికార్డు అని నెట్ సెంటర్లో ప్రింటు తీసుకుని అతికించడం వచ్చింది. పిల్లవాడు గట్టు దాకా వెళ్ళడం ఒక్కటే రాలేదు, దానికి డబ్బు కేటాయించలేదు కనక.

డెట్రాయిట్_డాబాగార్డెన్స్
మాది డాబా గార్డెన్స్, ఇప్పుడు మిషిగన్‌లో ఉంటున్నాం. అమెరికా గొప్పలు అనుకోకండి, డబ్బు ఎక్కడ్నుంచి వచ్చిందో చెప్దామని రాస్తున్నా.

ఇక్కడ లేక్ మిషిగన్ ఒడ్డున లూడింగ్టన్ అని ఊరు, అక్కడ పెద్ద పంప్డ్ స్టోరేజ్ పవర్ ప్లాంటు ఉంది. కరెంటు వాడకం తక్కువున్నప్పుడు సరస్సు నీళ్ళు పైన రిజర్వాయర్లోకి తోడతారు, వాడకం పెరిగినప్పుడు కిందకి వదిలి కరెంటు తీస్తారు. నీళ్ళతోపాటు చేపలూ పోయి టర్బైన్లలో పడి చచ్చేవి. కేసులు చాలా ఏళ్ళు నడిచాయి, చివరికి సెటిల్మెంటు కుదిరి 1996లో గ్రేట్ లేక్స్ ఫిషరీ ట్రస్ట్ అని పెట్టారు. ఆ ట్రస్టు డబ్బుతో 2007లో గ్రేట్ లేక్స్ స్టీవార్డ్‌షిప్ ఇనిషియేటివ్ మొదలైంది. మా పిల్లకి తెలిసిన టీచర్ ఒకావిడ అందులో చేసేది, అలా తెలిసింది. వాళ్ళు టీచర్‌కి ఒక్కరోజు వర్క్‌షాప్ పెట్టి వదిలెయ్యరు, ట్రైనింగ్ సాగుతూనే ఉంటుంది, ప్రతీ ప్రాంతానికీ ఒక హబ్, స్కూలుకి జతగా ఊళ్ళో ఒక సంస్థ, పిల్లలు చేసే పని ఆ ఊరి నీళ్ళ మీదే. డబ్బులో ఎక్కువ భాగం మనుషుల టైముకీ, బస్సులకీ పోతుంది. ఈ ఐదు సరస్సుల్లో ప్రపంచం మొత్తం నేల మీదున్న మంచినీళ్ళలో ఐదో వంతు ఉంది, అయినా పిల్లలతో చేయించేది స్కూలు వెనక వాగు దగ్గరే.

నేను కూడా ఒక వెయ్యి డాలర్లు పంపిస్తా, ఎవరికి పంపాలో చెప్పండి.

సీఎస్ఆర్_గుమస్తా
ఆగండి ఆగండి. మీ పాస్‌పోర్ట్ ఇండియాదా అమెరికాదా? ఇండియా పౌరులైతే మీ సొంత సేవింగ్స్ నుంచి బ్యాంకు ద్వారా పంపొచ్చు, అది విదేశీ విరాళం కింద రాదు. అమెరికా సిటిజన్‌షిప్ తీసుకుని ఓసీఐ కార్డు ఉంటే మాత్రం మీరు చట్టం దృష్టిలో ఫారిన్ సోర్సే, తీసుకునే సంస్థకి ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల చట్టం) కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. 2020 సవరణ తర్వాత ఒక సంస్థ తీసుకుని ఇంకో సంస్థకి ఇవ్వడం కూడా కుదరదు. టీచర్ గారి సొంత ఖాతాలోకి అసలు పంపొద్దు, పాపం ఆవిడ ఇరుక్కుంటారు.

డెట్రాయిట్_డాబాగార్డెన్స్
ఓసీఐ అండి. సరే అయితే మా అన్నయ్య సీతమ్మధారలోనే ఉంటాడు, తన డబ్బుతో తనే టెస్ట్ కిట్లు కొనిస్తానన్నాడు, ఇప్పుడే ఫోన్లో అడిగాను.

బీచ్‌రోడ్_బాబాయ్
లూడింగ్టన్ కథ నాకు నచ్చింది. పాడుచేసినోడి దగ్గర కోర్టు ముక్కుపిండి వసూలు చేసింది. ఇక్కడ పాడుచేసినోడే టోపీలు పంచుతాడు, మనం దండ వేస్తాం.

పక్షుల_పిచ్చి
మన దగ్గరా వసూలు చెయ్యలేదని కాదు. 2020 మే 7న ఆర్ఆర్ వెంకటాపురంలో స్టైరీన్ గ్యాస్ లీకయినప్పుడు మర్నాడే ఎన్‌జీటీ (జాతీయ హరిత ట్రిబ్యునల్) ఆ కంపెనీని 50 కోట్లు డిపాజిట్ చెయ్యమంది. మేఘాద్రి గెడ్డ అక్కడికి పక్కనే, ఆ నీళ్ళు తాగొచ్చా లేదా అని ఊరంతా హడలిపోయాం. ఇలాంటి పరిహారాల్లోంచి చుట్టుపక్కల స్కూళ్ళకి ఓ చిన్న భాగం, ఏడాదేడాదీ నీళ్ళు టెస్ట్ చేయించడానికి కట్టిపెడితే ఎంత బాగుంటుంది. వడ్డీ మీదే నడిచిపోతుంది.

సీతమ్మధార_అత్త
కోర్టులూ కేంద్రాలూ ఎందుకర్రా. మా అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో ఒక ప్రశ్న పెట్టాను, మన కుళాయి నీళ్ళు ఎక్కడ్నుంచి వస్తాయి అని. ఒకాయన బోరు అన్నాడు, ఒకావిడ గోదావరి అంది, ఒక కుర్రాడు ట్యాంకర్ అన్నాడు. ఏలేరు కాలవ, రైవాడ, తాటిపూడి, మేఘాద్రి గెడ్డ, ముడసర్లోవ అని ఇన్ని చోట్ల నుంచి ఈ ఊరికి నీళ్ళొస్తున్నాయని ఒక్కరికీ తెలీదు. ముందు పెద్దాళ్ళకి పెట్టండి క్లాసు. చవితి చందా ఏటా కాస్త మిగుల్తుంది మా దగ్గర, దాన్ని ఈసారి ఆరిలోవ పిల్లల ఆటోలకి ఇద్దామని మీటింగులో పెడతాను. ఫ్లాటుకి యాభై వేసినా నెల ఖర్చు వచ్చేస్తుంది.

గాజువాక_గణపతి
అత్తగారూ, మిగిలిన చందా కోశాధికారి జేబులోంచి బయటికి తియ్యడానికే ముందు ఒక ప్రాజెక్టు కావాలి.

సీతమ్మధార_అత్త
కోశాధికారి నేనే బాబూ.

గాజువాక_గణపతి
నమస్కారం అండి. నేను ఎవరి గురించీ అనలేదు.

ఆరిలోవ_టీచరమ్మ
అందరికీ కలిపి రాస్తున్నా. ముందు బాబాయ్ గారికి. పోయినేడాది డబ్బుల్లేకుండానే ఒకసారి నడిపించుకుని తీసుకెళ్ళాను, దగ్గర్లో ఉండే పిల్లల్ని మాత్రం. స్టీలు గిన్నె మూతకి నలుపూ తెలుపూ నాలుగు ముక్కలుగా పెయింటు వేసి, మధ్యలో తాడు కట్టి, కింద బరువుకి రాయి వేలాడదీశాం. దాన్ని నీళ్ళలోకి దింపుతూ కనపడటం ఆగిపోయిన చోట తాడుకి ముడి వేస్తారు, ముడి దాకా కొలిస్తే నీళ్ళు ఎంత తేటగా ఉన్నాయో లెక్క దొరుకుతుంది. గట్టు మధ్యలో వేసిన ముడికీ, డ్రెయిన్ కలిసే మూలన వేసిన ముడికీ తేడా చూసి ఒక పిల్ల, మేడమ్ ఇక్కడ తాడు తడవనే లేదు అంది. అదే మూల బురద ట్రేలో పోసి చూస్తే ఎర్రగా దారప్పోగుల్లాంటి పురుగులు. ఆక్సిజన్ బాగా తక్కువున్న చోట కూడా బతికేవి అవి. తూనీగ పిల్లలు అవతల గట్టునే దొరికాయి, ఇక్కడ ఒక్కటీ లేదు. పైపు ఎక్కడ కలుస్తోందో పిల్లలు అలా వెనక్కి నడుచుకుంటూ వెళ్ళి కనిపెట్టారు, మ్యాప్ మీద పెట్టారు, వార్డు సచివాలయంలో ఇచ్చి వచ్చారు.

బీచ్‌రోడ్_బాబాయ్
ఏమైంది ఆ మ్యాపు?

ఆరిలోవ_టీచరమ్మ
స్టాంపు వేసి తీసుకున్నారు. అంతే. ఒక్కసారి కొలిచింది కదా, ఆ రోజు వానపడిందేమో అన్నారు. నెలనెలా ఉంటే ఆ మాట అనడానికి ఉండదు కదండీ, నేను అడిగేది ఆ నెలనెలాకే.

బీచ్‌రోడ్_బాబాయ్
ఇది అవగాహన కాదమ్మా, సాక్ష్యం. ఈ మాట పైనే చెప్పుంటే నేను అంత రాసేవాణ్ణి కాదు. అయినా నా అనుమానం నాది. కంపెనీ డబ్బుతో చేస్తే, రేప్పొద్దున్న ఆ పైపు వాళ్ళదే అని తేలితే మీ పిల్లల మ్యాపు బయటికి రానిస్తారా? రాసుకునే కాగితంలో ఆ ఒక్క ముక్క ముందే పెట్టించండి, లెక్కలు స్కూలు గోడ మీద ప్రతినెలా రాస్తాం, ఎవరి పర్మిషనూ అడగం అని.

సీఎస్ఆర్_గుమస్తా
బాబాయ్ గారు చెప్పినది నిజమే, మా లీగల్ వాళ్ళు ఆ లైను కొట్టేసే ఛాన్సు ఎక్కువ. కొట్టేస్తే ఆ కంపెనీని వదిలెయ్యండి. గోడ మీద నెల, ముడి లోతు, పిట్టల లెక్క అని రాయడం ఒప్పుకునే కంపెనీలు ఉంటాయి, వాళ్ళ ఏడాది రిపోర్టులో వేసుకోవడానికి అంతకన్నా మంచి ఫోటో వాళ్ళకీ దొరకదు. ఇక కుర్రవాడి మాట మీద, ఆ పెద్దాయనకి బడ్జెట్లో 'ఫీల్డ్ నిపుణుడు, గౌరవ వేతనం' అని పెట్టండి. బిల్లు అక్కర్లేదు, ఓచరు మీద సంతకమో వేలిముద్రో, డబ్బు నేరుగా ఆయన బ్యాంకు ఖాతాకి. ఏ ఆడిటరూ కాదనడు.

రిటైర్డ్_జువాలజీ
ఆక్సిజన్ టెస్టు రసాయనాలు వాడేటప్పుడు గ్లౌజులు తప్పనిసరి, వాడిన నీళ్ళు మళ్ళీ రిజర్వాయర్లో పొయ్యకండి. మొదటి రెండు మూడు నెలలు నేను వస్తాను, నాకు గౌరవ వేతనం వద్దు, టోపీ కూడా వద్దు.

ఆరిలోవ_టీచరమ్మ
మాస్టారూ మీరు వస్తే ఇంకేం కావాలి. అయితే ఇలా చేస్తున్నా. ర్యాలీ వద్దని చెప్పేస్తాను. మూడేళ్ళ కాగితం, తాగునీటి వనరు అని పేరు పెట్టి, ఏప్రిల్లో. అందులో ఎక్కువ డబ్బు ఆటోలకీ మనుషులకీ, బోర్డుకి సున్నా, గోడ మీద రాసే లైను మొదటి పేజీలోనే. అది వచ్చేలోపు సీతమ్మధార అత్తగారి చందాతో మొదలుపెడతాం. రోజు మాత్రం శనివారం, నో బ్యాగ్ డే కాబట్టి హెడ్‌మాస్టారు ఒప్పుకుంటారు.

సీతమ్మధార_అత్త
చందా ఇస్తాం గానీ మా అపార్ట్‌మెంటు పిల్లలు కూడా వస్తారు. ఇంటర్నేషనల్ స్కూలు పిల్లలు, బురద ముట్టుకుంటారో లేదో చూద్దాం.

కొండకర్ల_కుర్రోడు
శనివారం అన్నారు గాబట్టి బాగుంది, ఆదివారమైతే చేపల బేరం రోజు, ఏ పెద్దాయనా రాడు. ఇంకోటి, డబ్బు బ్యాంకులో ఏస్తే ఏసారు గానీ ఆ సాయంత్రానికే పడాలి. మూడు నెలలకోపాలి క్వార్టర్ బిల్లుతో కలిపి ఏస్తామంటే రెండో నెల నుంచి మనిషి రాడు, చెప్తున్నాను.

సీఎస్ఆర్_గుమస్తా
సాయంత్రానికి కష్టం. వారంలో అయితే చేయించొచ్చు.

కొండకర్ల_కుర్రోడు
అయితే మొదటి నాలుగు నెలలకి అడ్వాన్సు ఏసీమనండి. టోపీల షాపోడికి అడ్వాన్సు ఇస్తారు కదా.